మంచు కొండల్లో నైట్రేట్ జాడ పట్టే ఐసోటోపులు

అమెరికాలోని రాకీ మౌంటెన్ జాతీయ పార్కులో సేద్యం లేదు, పరిశ్రమలు లేవు. అయినా కొలరాడో రాష్ట్రంలోని ఈ పార్కులో లాక్ వేల్ లోయ వాగులు, సరస్సుల్లో నైట్రేట్ అధికంగా ఉన్నట్లు శాస్త్రవేత్తలు గుర్తించారు. వాహనాలు, విద్యుత్ కేంద్రాల పొగ, మైదాన ప్రాంతంలోని పశుశాలలు, ఎరువుల నుంచి వెలువడే నత్రజని గాలివాటున కొండలకు చేరి వాన, మంచు రూపంలో కురుస్తోంది. దీనివల్ల సరస్సుల్లో నాచు జాతులే మారిపోతున్నాయి.

నీటిలోని నైట్రేట్ నేరుగా ఆకాశం నుంచి వచ్చిందా, నేలలో తయారైందా అన్నది ఐసోటోపులు తేలుస్తాయి. ఒకే మూలకానికి చెంది, బరువులో తేడా ఉన్న పరమాణువులే ఐసోటోపులు. గాలిలో ఏర్పడే నైట్రేట్ ఓజోన్ నుంచి ఆక్సిజన్‌ను గ్రహిస్తుంది కనుక అందులో బరువైన ఆక్సిజన్-18 ఎక్కువ. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే నైట్రేట్‌లో అది బాగా తక్కువ.

లాక్ వేల్ నీటిలోని నైట్రేట్‌లో చాలా భాగం సూక్ష్మజీవులు తయారుచేసిందేనని ఈ పరీక్షల్లో వెల్లడైంది. గాలి మోసుకొచ్చిన అమ్మోనియా సైతం మట్టిలో నైట్రేట్‌గా మారగలదు. అందువల్ల పొగను అరికడితే చాలదు, అమ్మోనియానూ తగ్గించాలి. ఈ పార్కులో వాన, మంచుతో ఏటా హెక్టారుకు సుమారు 3 కిలోలు కురుస్తున్న నత్రజనిని 2032 నాటికి 1.5 కిలోలకు తగ్గించాలని 2007లో ప్రణాళిక రూపొందించారు.