సింగిల్ షాట్ వేట రైఫిలు

సింగిల్ షాట్ వేట రైఫిలు అనగా ఒక పర్యాయానికి ఒక్క తూటాను మాత్రమే నింపి పేల్చగల వేట తుపాకి. అదనపు తూటాలను నిల్వ ఉంచే అర (మ్యాగజైను) దీనిలో ఉండదు. ఒకసారి పేల్చిన తరువాత ఖాళీ తొడుగును తీసివేసి, మరొక తూటాను చేతితో పెట్టవలసి ఉంటుంది. తుపాకి గొట్టం లోపలి గోడపై మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి. ఈ గాడులు గుండును బొంగరం వలె తిప్పుతూ బయటకు పంపుతాయి. తిరుగుతున్న గుండు గాలిలో తలక్రిందులు కాకుండా ముక్కుసూటిగా సాగుతుంది. ఈ రైఫిళ్ళ ప్రాభవం సుమారుగా 1850 నుండి 1900 వరకు సాగింది. రెండవ తూటాకు వెంటనే అవకాశం లేనందున వేటగాడి భారమంతా మొదటి గురిపైనే పడేది. అందువలన ఈ తుపాకుల చరిత్రను వాటి గురి పరికరాల (సైట్ల) చరిత్ర నుండి విడదీసి చూడలేము.

చరిత్ర

తొలినాటి తుపాకులలో మందును, గుండును గొట్టం మూతి నుండి కూరేవారు. 1857 తిరుగుబాటుకు తక్షణ కారణాలలో ఒకటిగా చెప్పబడే ఎన్‌ఫీల్డు రైఫిలు ఈ తరగతికి చెందినదే. తూటాను గొట్టం వెనుక నుండి పెట్టే పద్ధతి వచ్చిన తరువాత నింపడం తేలిక అయినది. అమెరికాలో క్రిస్టియన్ షార్ప్స్ 1848లో ఇటువంటి రైఫిలుకు పేటెంటు పొందాడు. బ్రిటిషు సైన్యం 1866లో స్నైడర్ పద్ధతిని, 1871లో మార్టినీ-హెన్రీ రైఫిలును స్వీకరించింది. స్కాట్లండుకు చెందిన జాన్ ఫార్ఖర్సన్ 1872లో పేటెంటు పొందిన నిర్మాణం వేటగాళ్ళలో ప్రసిద్ధి చెందింది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన రైఫిలును వించెస్టర్ కంపెనీ 1885లో విడుదల చేసింది.

1880వ దశకంలో పొగలేని మందు, ఆ వెంటనే మ్యాగజైను రైఫిళ్ళు వచ్చాయి. దీనితో సైన్యంలో సింగిల్ షాట్ రైఫిలు కాలం ముగిసింది. వేటలోనూ, గురి పోటీలలోనూ మాత్రం చాలాకాలం నిలిచింది. 1967లో అమెరికాలోని రూగర్ కంపెనీ ఫార్ఖర్సన్ నమూనా స్ఫూర్తితో "నంబర్ 1" అనే రైఫిలును ప్రవేశపెట్టింది.

నిర్మాణం

తూటా పేలినపుడు వాయువులు వెనుకకు కూడా బలంగా తంతాయి. గొట్టం వెనుక ద్వారాన్ని గట్టిగా మూసి ఉంచడమే ఈ తుపాకులలోని ప్రధాన సమస్య. దీనిని పలు విధాలుగా పరిష్కరించారు.

దిగే దిమ్మ: ట్రిగ్గరు క్రింద ఉన్న మీటను లాగితే ఉక్కు దిమ్మ నిలువుగా క్రిందికి దిగి ద్వారం తెరుచుకుంటుంది. షార్ప్స్, ఫార్ఖర్సన్, వించెస్టర్ రైఫిళ్ళు ఈ రకానివి. ఇది మిక్కిలి బలమైన నిర్మాణం.

వాలే దిమ్మ: దిమ్మ వెనుక చివర కీలుపై ఉండి, ముందు చివర క్రిందికి వాలుతుంది. మార్టినీ-హెన్రీ ఇందుకు ఉదాహరణ.

దొర్లే దిమ్మ: దిమ్మ కీలుపై వెనుకకు దొర్లుతుంది. రెమింగ్టన్ కంపెనీ ఈ రకం రైఫిళ్ళను తయారు చేసింది.

మ్యాగజైను, దాని యంత్రాంగం లేనందున తుపాకి పొట్టిగా ఉంటుంది. అదే మొత్తం పొడవులో ఎక్కువ పొడవు గల గొట్టాన్ని అమర్చవచ్చు.

గుండు గమనం

తుపాకి నుండి వెలువడిన గుండు తిన్నగా పోతుందని అనుకోవడం పొరపాటు. గొట్టాన్ని విడిచిన క్షణం నుండే భూమ్యాకర్షణ దానిని క్రిందికి లాగుతుంది. నల్లమందుతో పేలే ఆనాటి రైఫిలు గుండు వేగం సెకనుకు 400 మీటర్లు అనుకొందాము. గాలి నిరోధాన్ని వదిలివేస్తే 100 మీటర్ల దూరానికి పావు సెకను పడుతుంది. ఈలోగా గుండు సుమారు 30 సెంటీమీటర్లు క్రిందికి దిగుతుంది. 200 మీటర్లకు అర సెకను పడుతుంది, దిగుడు 120 సెంటీమీటర్లు దాటుతుంది. దూరం రెట్టింపు అయితే దిగుడు నాలుగు రెట్లు అయినదని గమనించవచ్చు. గాలి నిరోధం వలన వాస్తవంలో ఇది ఇంకా ఎక్కువ. కనుక దూరాన్ని తప్పుగా అంచనా వేస్తే, గురి ఎంత నిలకడగా ఉన్నా జంతువు గాయపడి తప్పించుకుంటుంది.

గురి పరికరాలు

గొట్టం చివర ముందు సైటు, కంటికి దగ్గరగా వెనుక సైటు ఉంటాయి. ఈ రెండూ, లక్ష్యమూ ఒకే వరుసలోకి రావాలి. సైట్ల మధ్య దూరం 60 సెంటీమీటర్లు ఉన్న తుపాకిలో ముందు సైటు ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు జరిగితే, 100 మీటర్ల దూరంలో గుండు సుమారు 17 సెంటీమీటర్లు ప్రక్కకు తగులుతుంది. ఈ దూరం పెరిగినకొలదీ పొరపాటు తగ్గుతుంది. పొడవైన గొట్టం వలన లాభాలలో ఇది ఒకటి.

ఎక్స్‌ప్రెస్ సైటు: వెడల్పైన 'వి' ఆకారపు గాడి గల చిన్న రేకులు వరుసగా ఉంటాయి. మొదటి రేకు స్థిరంగా నిలిచి ఉంటుంది, సాధారణంగా ఇది 100 గజాలకు (91 మీటర్లు). మిగిలినవి మడిచి ఉంటాయి. దూరాన్ని బట్టి 200 లేక 300 గజాల రేకును లేపుతారు. భారతదేశంలో వేటకు వాడిన బ్రిటిషు రైఫిళ్ళలో ఇవి సర్వసాధారణం. సంధ్యవేళ కనబడేందుకు ముందు సైటుకు దంతపు పూస అమర్చేవారు.

రంధ్రపు సైటు: గాడికి బదులు గుండ్రని రంధ్రం ఉంటుంది. దీని ఉపయోగం ఒక చిన్న ప్రయోగంతో తెలుస్తుంది. చేయి చాచి పెన్సిలు మొనను మంగళగిరి గాలిగోపురం శిఖరానికి ఎదురుగా పట్టుకొని చూడండి. మొన స్పష్టంగా కనబడితే శిఖరం మసకబారుతుంది, శిఖరాన్ని చూస్తే మొన మసకబారుతుంది. ఇప్పుడు అట్టముక్కకు సూదితో చేసిన రంధ్రం గుండా చూస్తే రెండూ చాలావరకు స్పష్టమవుతాయి. రంధ్రపు సైటు పనిచేసేది ఈ సూత్రంపైనే. వెలుతురు తగ్గడం దీనిలోని లోపం.

వెర్నియర్ సైటు: తుపాకి మెడపై నిలబెట్టే పొడవైన రంధ్రపు సైటు ఇది. విద్యార్థులు ప్రయోగశాలలో వాడే వెర్నియర్ కొలబద్దయే దీనిపై ఉంటుంది. 1874లో అమెరికాలోని క్రీడ్‌మూర్‌లో 800, 900, 1000 గజాల దూరాలలో జరిగిన పోటీలో అమెరికా జట్టు 934 పాయింట్లతో, 931 పాయింట్లు పొందిన ఐర్లండు జట్టును ఓడించింది. అమెరికా వారివి వెనుక నుండి నింపే షార్ప్స్, రెమింగ్టన్ రైఫిళ్ళు కాగా, ఐర్లండు వారివి మూతి నుండి నింపేవి. వెయ్యి గజాలు అంటే 914 మీటర్లు, విజయవాడ ప్రకాశం బ్యారేజి పొడవులో సుమారు నాలుగింట మూడు వంతులు.

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో

1878 ఆయుధాల చట్టం ప్రకారం భారతీయులు తుపాకికి లైసెన్సు పొందవలసి ఉండగా, ఐరోపా వారికి మినహాయింపు ఉండేది. అందువలన విలువైన రైఫిళ్ళు దొరలు, సంస్థానాధీశులు, జమీందారుల వద్దనే ఎక్కువగా ఉండేవి. అడవి అంచు గ్రామాలలో మందు కూరే నాటు తుపాకులు వాడుకలో ఉండేవి. పులి వంటి ప్రమాదకర జంతువులకు ధనవంతులు వెంటనే రెండవ తూటా పేల్చగల జంట గొట్టాల రైఫిళ్ళను ఎంచుకొనేవారు.

1869 నుండి 1911 వరకు పాలించిన ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరుపొందిన గురికాడు. ముప్పై పులులను చంపినందున ఆయనకు "తీస్ మార్ ఖాన్" అనే పేరు వచ్చిందని ప్రతీతి. 1902లో వైస్రాయి కర్జన్ దంపతులు వరంగల్లు ప్రాంతంలోని నెక్కొండ వద్ద చంపిన పులితో దిగిన ఛాయాచిత్రాన్ని రాజా దీన్ దయాళ్ స్టూడియో తీసినది. విజయనగరం మహారాజకుమార్ తాను మూడు వందలకు పైగా పులులను వేటాడినట్లు చెప్పుకొన్నాడు. తుపాకి ఎంత మెరుగుపడితే అడవి అంత పలుచబడింది. భారతదేశంలో చీతా అంతరించినట్లు 1952లో ప్రకటించారు.

ప్రస్తుత స్థితి

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. ఇటువంటి చట్టం కావాలని ముందుగా తీర్మానించిన శాసనసభలలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒకటి. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరింది. వినోదం కొరకు వేటాడటం నేడు శిక్షార్హమైన నేరం. తుపాకి కలిగి ఉండటానికి 1959 ఆయుధాల చట్టం క్రింద లైసెన్సు అవసరం.

సింగిల్ షాట్ రైఫిలు, రంధ్రపు సైటు నేడు క్రీడారంగంలో కొనసాగుతున్నాయి. 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో ప్రతి గుండునూ చేతితోనే పెట్టాలి, దుర్భిణి సైటు వాడరాదు. లక్ష్యంలోని పది పాయింట్ల చుక్క వ్యాసం కేవలం అర మిల్లీమీటరు. 2012 లండన్ ఒలింపిక్సులో ఈ అంశంలో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ కాంస్య పతకం సాధించాడు. ఒకే తూటా, ఒకే అవకాశం అనే పాత నియమం ఇక్కడ యథాతథంగా ఉన్నది. ఎదుట మాత్రం ప్రాణికి బదులు కాగితం ఉన్నది.