తలుపు నేలకి రాస్తోందా? చెక్కని తిట్టే ముందు బందులు చూడండి!

టేకు కోసం నాలుగు టింబర్ డిపోలు తిరుగుతాం. డిజైన్ కోసం ఫోన్‌లో వందల ఫొటోలు గాలిస్తాం. ఆ తలుపుని ఏళ్ల తరబడి మోసే బందుల్ని మాత్రం ‘ఏవో మంచివి తెచ్చేయండి’ అని కార్పెంటర్‌కి వదిలేస్తాం. షాపులో హింజెస్ అని అడిగేది వీటినే. విశాఖలో అమ్మానాన్నల కొత్తింటికి ఈ సామాను కొనే పని నాకు పడింది. ఇంజినీరింగ్ చదివిన పాపానికి, కొనే ముందు లెక్క వేశా.

లాగేది కిందికే కాదు

ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, 35 మిల్లీమీటర్ల మందం ఉన్న టేకు తలుపు తీసుకోండి. ఘనపు మీటరు టేకు సుమారు 650 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన తలుపు 44 కిలోలు. దాదాపు ఓ సిమెంటు బస్తా!

ఈ బస్తా ఒక పక్కనే వేలాడుతోంది. అందుకే పై బందుని గుమ్మంలోంచి బయటికి పీకుతూ, కింది బందుని గుమ్మంలోకి నొక్కుతూ ఉంటుంది. రెండింటి మధ్య 1.7 మీటర్ల దూరం ఉంటే ఆ లాగుడు 12 కిలోల దాకా ఉంటుంది. రాత్రీ పగలూ అంతే. పిల్లలు హ్యాండిల్ పట్టుకుని ఊగితే ఇంకా ఎక్కువ.

వానాకాలంలో తలుపు పట్టేస్తే ‘చెక్క ఉబ్బింది’ అని చిత్రిక పట్టించేస్తాం. చెక్క ఉబ్బడం నిజమే. కానీ పై బందు దగ్గర సందు పెరిగి, గడియ వైపు కింది మూల నేలకి రాస్తుంటే తప్పు బందుది. అప్పుడు చిత్రిక పడితే తలుపు అరుగుతుంది తప్ప జబ్బు నయం కాదు.

మా పాతింట్లో అమ్మమ్మ బాత్రూమ్ తలుపుని రెండు చేతులతో ఎత్తిపట్టి గడియ వేసేది. తడి నేల మీద, ఆ వయసులో! పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది ‘తర్వాత చూద్దాంలే’ అనుకునే రిపేరు కాదు.

ఏవి కొనాలి?

సైజు: ఏడడుగుల తలుపుకి మూడు బందులు ఉండాలి. బెడ్‌రూమ్‌కి 4 అంగుళాలవి, మెయిన్ డోర్‌కి 5 అంగుళాలవి తీసుకోండి. మూడున్నర అడుగుల వెడల్పు, 45 మిల్లీమీటర్ల మందం ఉన్న టేకు మెయిన్ డోర్ 65 కిలోలు దాటుతుంది. దానికి బాల్ బేరింగ్ బందులు మేలు. మూడో బందుని పైదానికి దగ్గరగా పెట్టిస్తే లాగుడు పంచుకుంటుంది. పల్చని తలుపైతే మధ్యలోనే ఉండాలి, వంపు తిరగకుండా ఆపుతుంది.

స్టీలు: బాత్రూమ్‌కి 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ అడగండి. అయస్కాంతం పెట్టి ‘చూడండి, అంటుకోవట్లేదు’ అంటే నమ్మేయకండి. 202 గ్రేడ్ కూడా పెద్దగా అంటుకోదు. కానీ అందులో నికెల్ తక్కువ, తుప్పు త్వరగా పడుతుంది. బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి. సముద్రపు గాలి నేరుగా తగిలే ఇంటికైతే 316 ఇంకా మంచిది. ఏ గ్రేడ్ అయినా టైల్స్ కడిగే యాసిడ్ మాత్రం పడనివ్వద్దు.

స్క్రూలు: బందు స్టీలుదైతే స్క్రూలూ స్టీలువే ఉండాలి. ఇనుప స్క్రూలైతే తడికి ముందు అవే తుప్పు పడతాయి. సుత్తితో ముప్పావు వంతు కొట్టి, చివర రెండు తిప్పులు తిప్పే పద్ధతి ఒప్పుకోకండి. చెక్క చీలి పట్టు పోతుంది. డ్రిల్‌తో సన్న రంధ్రం వేసి పూర్తిగా తిప్పాల్సిందే.

పిన్ను: ఫ్లాట్లలో బయటి గ్రిల్ తలుపు సాధారణంగా బయటికే తెరుచుకుంటుంది. అంటే బందుల పిన్నులు మెట్ల వైపే ఉంటాయి. తాళం ఎంత గట్టిదైనా, పిన్ను పైకి తడితే ఊడొస్తే లాభం లేదు. ఊడదీయడానికి వీల్లేని పిన్ను ఉన్నవే అడగండి.

డబ్బులిచ్చే ముందు ఒక్క టెస్ట్

బిగించాక తలుపుని సగం తెరిచి వదిలేయండి. ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి చూడండి. ఉన్నచోటే ఆగిపోతే మూడు పిన్నులూ నిలువుగా ఒకే గీతలో ఉన్నట్టు. తనంతట తనే తెరుచుకున్నా, మూసుకున్నా బందులో గుమ్మమో నిటారుగా లేదని అర్థం. సరిచేయించండి. ఆ తర్వాతే కార్పెంటర్‌కి ఫోన్‌పే కొట్టండి!