టమాటా ఆకుముడత: ఎండా, వైరసా?

మొన్న వేసవిలో లేపాక్షి దగ్గర బోరుబావి క్రింది టమాటా తోటకు వెళ్ళితిని. "ఎండకు ముడుచుకొనింది సార్, రెండు తడులిస్తే తేరుకుంటాది" అన్నాడు రైతు. అప్పటికి సాయంకాలము. ఎండకు వాడిన ఆకు చల్లబడగానే విచ్చుకొనును, ఇది విచ్చుకొనలేదు. ఆకులు చిన్నవై, అంచులు పైకి మడిచి, పసుపు తిరిగి, మొక్క గిడసబారి యున్నది. తెల్లదోమ తెచ్చిన వైరసు తెగులది.

అయినను రైతు మాటలో కొంత నిజమున్నది. వేడి తగిలినప్పుడు మొక్క కణములలో కొన్ని రక్షక మాంసకృత్తులు తయారగును. మన ఆకుముడతకు దాయాదియైన పసుపు ఆకుముడత వైరసును ఇజ్రాయెలు శాస్త్రజ్ఞులు పరిశోధించి 2013లో ఫలితములు ప్రకటించిరి. వైరసు కవచపు మాంసకృత్తు కణద్రవములో ఒక రక్షకముతో జతకట్టినది. పిమ్మట రెండును కేంద్రకములో కనబడినవి. రక్షకమును అణచినప్పుడు కవచము కేంద్రకము వెలుపలనే నిలిచి, వైరసు తగ్గినది. వైరసు పెరుగునది కేంద్రకములోనే గదా! కావలివాడే దొంగకు తలుపు తీసినట్లున్నది. తెగులు సోకిన మొక్కకు వేడిని తట్టుకొను శక్తియు తగ్గునని 2016లో తెలిసినది. రెండును కలిసినచోట నష్టము హెచ్చు.

ముడుచుకొన్న మొక్కను ఏ మందూ బాగుచేయదు. ఆ డబ్బుతో నారుమడిపై సన్నకన్ను నైలాను వల కప్పవలెను. నాట్లకు ముందే చుట్టును రెండు మూడు వరుసల మొక్కజొన్న వేయవలెను. తొలి వారములలో కనబడిన తెగులు మొక్కలను పీకి పూడ్చవలెను.

ఆ రైతు చీకటి పడులోగా ఇరువది మొక్కలు పీకినాడు. తడి మాత్రము ఆపలేదు. మిగిలినవాటికి అది కావలసినదే.