రైతు చేతి స్మార్టుఫోను : గుణదోష విచారము

సంతలో ఎద్దును కొనబోవు రైతు కొమ్ములకు పూసిన రంగును జూచి బేరమాడడు. నోరు తెఱచి పండ్లు లెక్కించును. నాలుగడుగులు నడిపించి చూచును. వీలైనచో అరక కట్టించి చూచును. అమ్మువాని మాటకంటె తన కన్నునే యెక్కువ నమ్మును. ఇట్టి వివేకము గల రైతే పట్టణమునకు బోయి స్మార్టుఫోను కొనునపుడు మాత్రము పైమెఱుగును నమ్మి, వాయిదాల కాగితముపై వ్రాలు చేసి వచ్చుచున్నాడు. ఒకటి రెండెకరముల విత్తనములకును ఎరువులకును చాలునంత సొమ్ము ఇందుకై వెచ్చింపబడుచున్నది. కావున ఈ పరికరము యొక్క మంచిచెడ్డలను గూర్చి నాలుగు మాటలు వ్రాయుట యవసరమని తలంచితిమి.

బాచుపల్లిలో జరిగిన సంగతి

బాచుపల్లి యొకప్పుడు పొలములు గల పల్లె. 1998లో మాదాపూరున సైబర్ టవర్సు భవనము తెఱవబడిన పిదప, హైటెక్ సిటీ చుట్టును నగరము పెరుగుచు వచ్చి, ఇక్కడి చేలును ఇండ్ల స్థలములైనవి. నాగలి సాళ్లున్న చోట నిప్పుడు ఇంజనీరింగు కళాశాలలు, ఔషధ కర్మాగారములు, బహుళ అంతస్తుల మేడలు కానవచ్చును. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు ఇది మండల కేంద్రమైనది. పల్లెల నుండి వచ్చి హైటెక్ సిటీలో ఉద్యోగము చేయు యువకులనేకులు ఇచ్చట కాపురముందురు. వారిని జూడవచ్చు తల్లిదండ్రులును తఱచుగా రైతులే.

మెదకు జిల్లా నర్సాపూరు ప్రాంతమున నాలుగెకరములు సాగుచేసుకొను వృద్ధ రైతొకరు ఇట్లే కుమారుని జూడ బాచుపల్లికి బోయిరి. కుమారుడు తండ్రిని పెద్దబాట మీది ఫోనుల దుకాణమునకు దీసికొనిపోయెను. అచ్చట పదునాలుగు వేల రూపాయల క్రొత్త ఫోనొకటి చూపబడెను. "నాయినా, దీనికి వెనుక మూడు కెమేరాలున్నవి, ముందొకటి" యని కుమారుడు చెప్పగా, "నాకు రెండే కండ్లు గదా కొడుకా, నాలుగింటితో నేనేమి చూతును?" అని తండ్రి యడిగెను. దుకాణమందలి వారెల్లరు నవ్విరి గాని, సరియైన ప్రశ్న యాడినవాడు ఆ వృద్ధుడే.

ఆయన ముందు మూడు మార్గములుండెను: రొక్కమిచ్చి క్రొత్తది కొనుట, వాయిదాల మీద కొనుట, లేక కుమారుడు ఐదేండ్లుగా వాడి విడిచిన పాత ఫోనును పుచ్చుకొనుట. ఈ మూడింటిలో నేది మేలో తేల్చుకొనుటకు, ఇదివఱకు మన దేశమున సామాన్యుల కొఱకే యని చెప్పి చేయబడిన యొక ఫోనును ఉదాహరణముగా గైకొని విచారింతము.

జియోఫోన్ నెక్స్ట్ : మేలిగుణములు

రిలయన్స్ జియో సంస్థయు గూగుల్ సంస్థయు గలసి రూపొందించిన జియోఫోన్ నెక్స్ట్ 2021 జూన్ 24న ప్రకటింపబడినది. దానిని వినాయక చవితి నాటికి, అనగా సెప్టెంబరు 10కి, అమ్మకమునకు దెత్తుమనిరి. కాని ప్రపంచమంతట చిప్పుల కొఱత యేర్పడుటచే నది దీపావళికి, నవంబరు 4కు, వాయిదా పడినది. తిరుపతిలోను తమిళనాడున శ్రీపెరంబుదూరులోను దీని తయారీ జరుగునని సంస్థ తెలిపినది. ధర 6,499 రూపాయలు. ఈ ఫోనును నేడు కొనుడని చెప్పుట మా యుద్దేశము గాదు. నాలుగేండ్లు గడచిన వస్తువును విచారించినచో క్రొత్త వస్తువును కొలుచు కొలమానము దొరకునని మాత్రమే మా భావము.

దానియందలి మొదటి మేలు భాష. తెఱమీదనున్న వ్రాతను బిగ్గరగా చదివి వినిపించుటయు, పది భారతీయ భాషలలోనికి తర్జుమా చేయుటయు అందు ప్రత్యేకముగా నమర్పబడినవి. చదువు తక్కువైన రైతునకు ఇది కన్నిచ్చినట్టి మేలు. రెండవది బ్యాటరీ. 3,500 మిల్లీ ఆంపియరు గంటల యా బ్యాటరీని వెనుక మూత తీసి మనమే మార్చుకొనవచ్చును. నేటి ఫోనులలో బ్యాటరీ చాలవఱకు జిగురుతో నతికింపబడి, మార్చుటకు పనివాని యొద్దకు పోవలసియున్నది. మూడవది, కొలతకు దగిన కెమేరాలు: వెనుక 13, ముందు 8 మెగాపిక్సెల్సు. తెగులు సోకిన యాకును ఫోటో దీసి వ్యవసాయాధికారికి పంపుటకు అవి చాలును.

దోషములు

ఇక లోపములు. పనిచేయు మెమరీ 2 జీబీ మాత్రమే. కొట్టము చిన్నదైనచో నాలుగు పశువులను కట్టుట కష్టమైనట్లు, ఇంత తక్కువ మెమరీలో రెండు మూడు యాప్‌లు తెఱచినతోడనే నడక మందగించును. నిలువ చేయు స్థలము 32 జీబీ. పెండ్లి వీడియోలు, శుభోదయపు బొమ్మలు చేరినకొలది నిండిపోవును. కార్డు వేసి పెంచుకొను వీలుండుట కొంత యూరట.

రెండవ లోపము కట్టుబాటు. రెండు సిమ్ములు వేయుటకు వీలున్నను, ఇంటర్నెట్టు మాత్రము ఆ సంస్థ సిమ్ముతోనే నడచునట్లు చేయబడినది. తన పొలమున వేఱొక సంస్థ టవరు మాత్రమే యందుచోట నా ఫోను సగము పనికే వచ్చును. కావున ఏ ఫోను కొనునపుడైనను, "ఇందు ఏ సిమ్ము వేసినను అన్ని పనులును జరుగునా?" యని యడుగవలెను.

మూడవ లోపము పైకి కానరానిది, అదియే పెద్దది. ఆ ఫోను ఆండ్రాయిడ్ 11 అను మూలకూర్పు మీద నడచునది. పొలము గట్టునకు తెగులు పడినపుడెల్ల మట్టి వేసి కప్పునట్లు, మూలకూర్పునందలి రంధ్రములను తయారుదారులు అప్పుడప్పుడు పూడ్చుచుందురు. దానిని భద్రతా సవరణ యందురు. ఆండ్రాయిడ్ 11నకు గూగుల్ వారి సవరణలు 2024 తొలి నెలలతో నిలిచిపోయినవి. 2021 నవంబరులో 24 నెలల వాయిదాపై ఆ ఫోను దీసికొన్నవానికి 2023 చివర అప్పు తీరినది. మఱి కొద్ది నెలలకే గట్టుకు మట్టి వేయువారు లేకపోయిరి. అప్పు తీరునాటికి ఎద్దు ముసలిదైనట్లే గదా!

వాయిదా లెక్క

ప్రకటనలయందు పెద్ద యక్షరములతో గానవచ్చినది 1,999 రూపాయలు. దానికి ఖర్చుల క్రింద 501 రూపాయలు చేర్చగా మొదట చెల్లింపవలసినది 2,500. అటుపై మిక్కిలి చిన్న పథకమునందు నెలకు 300 చొప్పున 24 నెలలు, అనగా 7,200. మొత్తము 9,700 రూపాయలు. రొక్కపు ధరకంటె ఇది 3,201 రూపాయలు హెచ్చు. అందుకు ప్రతిగా నెలకు 5 జీబీ ఇంటర్నెట్టును, 100 నిమిషముల సంభాషణమును లభించెడివి. ఆ హెచ్చును 24చే భాగించిన నెలకు సుమారు 133 రూపాయలగును. ఇంతవఱకు దీనిని దోపిడి యనుటకు వీలులేదు. కాని 100 నిమిషములు దినమునకు మూడు నిమిషములకు పైచిలుకు మాత్రమే. అది చాలనివాడు నెలకు 450 రూపాయల పథకము తీసికొనినచో మొత్తము 13,300 అగును. ఫోను అదియే, 1,999 అని విన్న చెవికి 13,300 అని వినబడుటకు రెండేండ్లు పట్టును.

కావున వాయిదా పత్రముపై వ్రాలు చేయుటకు ముందు మూడంకెలు కాగితము మీద వ్రాయించుకొనవలెను: రొక్కపు ధర, వాయిదాల మొత్తము, ఆ మొత్తములో మనకు ముట్టు సేవల విలువ. ఒక నెల తప్పినచో అపరాధ రుసుమెంతయో, ఫోను మూయబడునేమో యదియు నడిగి తెలిసికొనవలెను. పంట సొమ్ము నెల నెలకు రాదు; వాయిదా మాత్రము నెల నెలకు వచ్చును.

పొలము పెట్టు పరీక్షలు

దుకాణములోని చల్లని గదిలో ప్రతి ఫోనును బాగుగనే యుండును. దానిని బయటకు దెచ్చి మధ్యాహ్నపుటెండలో అక్షరములు కనబడునో లేదో చూడవలెను. తెలుగు వ్రాతను పెద్దది చేసి చదువవలెను. మాటలతో వెదకి, మన యాస దానికి తెలియునేమో పరీక్షింపవలెను. ఐపి యను గుర్తు ప్రక్కనుండు రెండంకెలలో మొదటిది దుమ్మునుండియు, రెండవది నీటినుండియు రక్షణమును దెలుపును. ఐపి 67 అనగా దుమ్ము చొరదనియు, మీటరు లోతు నీటిలో అరగంట యోర్చుననియు అర్థము. అయినను నీటిచే చెడిన ఫోనునకు తయారుదారుల హామీ సాధారణముగా వర్తింపదు. ఇక వేడిమి బ్యాటరీకి శత్రువు. ట్రాక్టరు మీద ఎండలో ఫోనును విడిచినవాడు దాని యాయువును తానే తగ్గించుచున్నాడు.

ముందు కెమేరా విలాసమునకే యని తలంపరాదు. ప్రధానమంత్రి కిసాన్ పథకమునందు ముఖమును జూపి గుర్తింపు పొందు పద్ధతి 2023 జూన్‌లో ప్రారంభమైనది. వ్రేలిముద్రలు అరిగిన కష్టజీవులకు అది యుపకరించును. 2019లో వెలువడిన మేఘదూత్ యాప్ వాతావరణమును బట్టి సాగు సలహాలను స్థానిక భాషలలో దెలుపును. దామిని యను యాప్ చుట్టుప్రక్కల పిడుగుల జాడను దెలిపి, చేనిలోనున్నవానిని హెచ్చరించును. ఒక్క పిడుగును దప్పించుకొన్నను ఫోను వెల దీరినట్లే. ఈ పనులు సాగుటకు మూడు కెమేరాలక్కఱలేదు; సరియైన సిగ్నలు, చాలినంత మెమరీ, దినమంత నిలుచు ఛార్జి కావలెను.

మీటల ఫోను చాలువారు

మాటలాడుటకు మాత్రమే ఫోను వాడువారు స్మార్టుఫోను లేదని చిన్నబుచ్చుకొన నక్కఱలేదు. 1800-180-1551 సంఖ్యగల కిసాన్ కాల్ సెంటరు ఉదయము 6 గంటల నుండి రాత్రి 10 గంటల వఱకు సామాన్యపు ఫోనుకును బదులు చెప్పును. ఇంటర్నెట్టు లేని ఫోనుల నుండి సొమ్ము పంపుటకు యూపీఐ 123పే యను సదుపాయము 2022 మార్చిలో నేర్పడినది. అవసరము లేని వస్తువు ఎంత చవుకయైనను ఖరీదైనదే.

పాత ఫోను, క్రొత్త మోసము

కుమారుడు విడిచిన ఫోను ఉచితమే గాని, దాని మూలకూర్పునకు సవరణలు నిలిచినచో బ్యాంకు పనులకు దానిని వాడుట తాళము లేని ఇంట ధాన్యము పోసినట్లగును. పాటలకు, వాతావరణమునకు దానిని వాడుకొనవచ్చును. ఏ ఫోనునైనను సెట్టింగులలో "భద్రతా సవరణ" యను చోట తుది సవరణ తేదీ కానవచ్చును. అది రెండేండ్ల నాటిదైనచో జాగ్రత్త వహింపవలెను. క్రొత్తది కొనునపుడు "ఎన్నేండ్ల వఱకు సవరణలిత్తురు?" అని యడుగుట పండ్లు లెక్కించుటతో సమానము.

రైతు పథకముల పేరిట వాట్సాప్‌లో వచ్చు ఏపీకే అను ఫైలును తెఱచినచో ఎంత మంచి ఫోనును కాపాడలేదు, ఖాతా ఖాళీయగును. యాప్‌ను ప్లేస్టోరు నుండియే దింపుకొనవలెను. మోసపోయినచో వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. *#06# అని నొక్కగా తెఱమీద వచ్చు పదునైదంకెల ఐఎంఈఐ సంఖ్యను ఇంటిలో వ్రాసి యుంచుకొనవలెను. ఫోను పోయినచో, 2023లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన సంచార్ సాథీ ద్వారా దానిని నిరుపయోగము చేయించుటకు ఆ సంఖ్య యక్కఱకు వచ్చును.

సంఘము చేయదగినది

ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి మార్చుటకై కేంద్రప్రభుత్వము 2022 జూన్ 29న 2,516 కోట్ల రూపాయల పథకమునకు సమ్మతించి, 63,000 సంఘములను లక్ష్యముగా బెట్టుకొన్నది. సంఘపు లెక్కలు కంప్యూటరులోనికి వచ్చుకొలది సభ్యునికిని ఫోనుతో పని పెరుగును. కావున సంఘములు చేయదగిన సులభమైన పని యొకటి కలదు. క్రొత్త ఫోను కొన్న సభ్యుడు పదునైదు దినములు వాడి చూచి, ఎండలో నెట్లున్నది, ఛార్జి ఎంత నిలిచినది, ఏ పొలమున నే సిగ్నలు అందినది యను వివరములను సంఘ కార్యాలయపు పుస్తకములో వ్రాయవలెను. ఒకని యనుభవము పదిమందికి సొమ్ము మిగుల్చును. సహకారమనగా నిదియే గదా.

నర్సాపూరు ప్రాంతపు వృద్ధుడు ఆ దినమున ఏమియు కొనలేదు. కుమారుని పాత ఫోనును దెచ్చుకొని, బ్యాంకు పని దానిలో బెట్టక, వాతావరణమును జూచుకొనుచుండెను. వడ్ల సొమ్ము చేతికి వచ్చిన తరువాత మఱల బాచుపల్లికి బోయి, దుకాణపు మెట్ల మీద ఎండలో నిలిచి మూడు ఫోనులను పరీక్షించి, ఎన్నేండ్లు సవరణలిత్తురో యడిగి వ్రాయించుకొని, మొదట చూచినదానికంటె నాలుగు వేలు తక్కువ ధర గల దానిని రొక్కమిచ్చి కొనెను. కెమేరాలెన్నియని యెవరైన నడిగిన, "లెక్కపెట్టలేదు, పండ్లు మాత్రము చూచితిని" అని యాయన చెప్పుచున్నాడు.