ఎడ్వర్డ్ సయీద్ : ప్రాచ్యవాద విమర్శ, దాని బాధ్యత

ఇరవయ్యో శతాబ్దపు సాహిత్య విమర్శకులలో ముస్లిం పాఠకులను ఎడ్వర్డ్ సయీద్ (1935-2003) వలె ఆకర్షించినవారు అరుదు. అయితే ఆయన ముస్లిం కారు. జెరూసలేంలో ఒక పాలస్తీనా క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. బాల్యం అధికభాగం కైరోలో గడిచింది. అమెరికాలో ఉన్నత విద్య పూర్తిచేసి, 1963 నుండి మరణించేవరకు న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో సాహిత్యం బోధించారు. మొదట నవలాకారుడు జోసెఫ్ కాన్రాడ్‌పై పరిశోధన చేసిన ఈ ఆచార్యుని జీవితాన్ని 1967 యుద్ధం మలుపు త్రిప్పింది.

1978లో ఆయన ‘ఓరియెంటలిజం’ గ్రంథం వెలువడింది. ఉర్దూ, అరబీ పండితులు ‘ఇస్తిష్రాఖ్’ అని వ్యవహరించే విద్యయే దాని విషయం. పాశ్చాత్య పరిశోధకుల పొరపాట్లను షిబ్లీ నూమానీ వంటి వారు అంతకు పూర్వమే ఎత్తిచూపారు. సయీద్ వేసిన ప్రశ్న వేరు: ఆ పాండిత్యానికీ, సామ్రాజ్యాధికారానికీ గల సంబంధమేమిటి?

దీనికి ఆయన తీసుకున్న ఒక ఉదాహరణ గమనార్హం. ఈజిప్టుపై బ్రిటీషు పెత్తనాన్ని సమర్థిస్తూ 1910 జూన్‌లో ఆర్థర్ బాల్ఫర్ కామన్స్ సభలో ప్రసంగించాడు. ఈజిప్టు నాగరికత తమకు బాగా తెలుసుననీ, తమ పాలన ఆ దేశానికే మేలనీ అతని వాదన. ఈజిప్టు ప్రజల అభిప్రాయం అడగాలన్న ఆలోచన అందులో లేదు. ఒక కావ్యాన్ని పరిశీలించినట్లు సయీద్ ఆ ప్రసంగాన్ని మాటమాటగా పరిశీలించి, ‘తెలుసును’ అన్న మాట ‘పాలించవచ్చును’గా ఎలా మారిందో చూపారు. 1917లో పాలస్తీనాను గురించి ప్రకటన చేసినది ఈ బాల్ఫరే.

ఇరాన్ సంఘటనల తరువాత అమెరికా పత్రికలు ఇస్లాంను చిత్రించిన తీరును 1981లో మరొక గ్రంథంలో ఆయన విమర్శించారు. 1977 నుండి 1991 వరకు పాలస్తీనా జాతీయ మండలిలో సభ్యులుగా ఉన్నారు. అయినా స్వపక్షానికి వంతపాడలేదు. 1993 నాటి ఓస్లో ఒప్పందాన్ని తీవ్రంగా ఖండించారు. ఫలితంగా 1996లో పాలస్తీనా అధికార సంస్థయే ఆయన పుస్తకాలను నిషేధించింది.

‘ఓరియెంటలిజం’ను ఇస్లాం పక్షాన వ్రాసిన సమర్థన గ్రంథంగా చాలామంది భావించారు. 1994లో వ్రాసిన అనుబంధ వ్యాసంలో సయీద్ దీనిని అంగీకరించలేదు. ‘తూర్పు’ అనే ఒకే ముద్ద లేనట్లే ‘పడమర’ అనే ఒకే ముద్ద కూడా లేదన్నది ఆయన నిశ్చితాభిప్రాయం. లూయీ మాసిన్యోఁ వంటి ప్రాచ్య పరిశోధకుని లోపాలను చెబుతూనే, ఆయన పాండిత్యపు లోతును గౌరవించారు.

ఆయన గ్రంథాన్ని వాదానికి ఆయుధంగా పట్టుకోవటం సులభం. దానిని తన మీద ప్రయోగించుకోవటమే కష్టం. ముస్లింలను గురించి ఇతరులు వ్రాసిన దానిని ఏ కొలతతో కొలుస్తారో, ఇతరులను గురించి తాము వ్రాసే దానిని కూడా అదే కొలతతో కొలవగల వారికే ఆ విమర్శ చేసే అర్హత నిలుస్తుంది.