గైడులో లేని ఆ ఒక్క మాట!

దసరా సెలవులకు ఊరొచ్చింది అమ్మాయి. లా రెండో సంవత్సరం. సంచీలో బట్టలకన్నా పుస్తకాలే ఎక్కువ. ఊరు ఆదిలాబాద్ ఏజెన్సీలో, ఉట్నూరు దగ్గర ఎక్కడో అనుకోండి. కాళ్లు కడుక్కుని కూర్చుందో లేదో, పెద్దబాపు వచ్చి పక్కన కూర్చున్నాడు.

‘‘బిడ్డా, వకీలు చదువుతున్నవు గదా... మన ఊరి షావుకారి రెండెకరాలు అమ్ముతా అంటుండు. ఆయన గిరిజనుడు గాదు, మనమూ గాదు. కొంటే ఏమన్న లొల్లి అయితదా?’’

అమ్మాయికి గైడులో చదివింది గుర్తొచ్చింది. ‘ఏజెన్సీలో గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనకూడదు.’ ఇక్కడ అమ్మేది గిరిజనుడు కాదు కదా!

‘‘ఏం కాదు పెద్దబాపూ... కొనుక్కో!’’

ఇది మనం ఊహించుకున్న ముచ్చటే. కానీ ఆ సలహా నమ్మి డబ్బు కడితే మాత్రం పెద్దబాపు మునిగినట్టే. ఎందుకంటే చట్టంలో ఉన్న మాట వేరు. గైడు రాసినాయన జాగా చాలక ఆ మాటను వదిలేశాడు!

కుప్పలో ఏది ముందు?

లా కాలేజీలో చేరిన నెల రోజులకే ఎవరికైనా వచ్చే అనుమానం ఒకటుంది. మాస్టారు చదవమన్నవన్నీ చదవడం అయ్యే పనేనా? బేర్ యాక్ట్... అంటే వ్యాఖ్యానం లేని అసలు చట్టం. దాని మీద లావుపాటి టెక్స్ట్ బుక్కు. వాటికి తోడు తీర్పులు. 1973 నాటి కేశవానంద భారతి తీర్పు ఒక్కటే ఏడు వందల పేజీల పైమాట. 13 మంది న్యాయమూర్తులు, 7-6 తేడా! చివరకు పరీక్షలో అడిగేది ఆ కేసు గురించి నాలుగు ముక్కలు. ఆ నాలుగు ముక్కలూ గైడులో దొరుకుతాయి. ఇక మిగతావి ఎందుకూ?

ఎందుకో తెలియాలంటే కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లలు దూరం పోనక్కర్లేదు. సొంత నేల మీద నడిచే చట్టమే చెబుతుంది.

ఒక్క మాట వెనుక ముప్ఫై ఏళ్లు

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల బాధలేమిటో తెలుసుకోవడానికి నిజాం సర్కారు ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు పని అప్పగించింది. ఆ దశాబ్దంలోనే హైదరాబాద్ రాష్ట్రంలో గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1963 డిసెంబరు 1 నుంచి తెలంగాణ ఏజెన్సీకీ వర్తింపజేశారు. న్యాయవాదులు ‘వన్ ఆఫ్ ఫిఫ్టీనైన్’ అనేది దీన్నే.

మొదట్లో ఈ నిబంధన గిరిజనుడు చేసే అమ్మకాలనే అడ్డుకుంది. ఒకసారి గిరిజనేతరుడి చేతికి చేరిన భూమి ఆ తర్వాత చేతులు మారుతూ పోయేది. ఆ సందును మూసింది 1970 నాటి సవరణ... ‘వన్ ఆఫ్ సెవెంటీ’. అమ్మేవాడు ‘గిరిజనుడైనా, కాకపోయినా’ ఏజెన్సీ భూమి వెళ్లాల్సింది గిరిజనులకే, లేదా గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సొసైటీకే. మరొకరికి రాసిస్తే చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుల నుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకునే బరువు అతనిదే. ఈ సవరణ చెల్లుతుందని 1988లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

‘అయినా, కాకపోయినా’... గైడులో ఎగిరిపోయింది ఈ మాటలే. పెద్దబాపు రెండెకరాలు ఆగింది ఈ మాటల దగ్గరే!

నిర్వచనాల సెక్షన్ను కూడా చాలామంది దాటేసి పోతారు. ‘బదలాయింపు’ అంటే ఈ చట్టంలో అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, కౌలు, దానం, మార్పిడి... ఇవీ అందులోకే వస్తాయి. ‘అమ్మకం కాదు, ఉత్త కౌలే’ అనుకునేవాళ్లకు జవాబు ఆ నిర్వచనంలోనే ఉంది.

ప్రభుత్వమూ ‘వ్యక్తే’నా?

ఇదే చట్టంలోని ఇంకో మాట దేశమంతా తెలిసిన కేసయ్యింది. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలంలోని గిరిజన ప్రాంతంలో గనులను ప్రభుత్వం ప్రైవేటు వాళ్లకు లీజుకిచ్చింది. ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడింది. సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడ తేలాల్సిన ముఖ్యమైన ప్రశ్న చూడటానికి చాలా చిన్నది. చట్టం ‘వ్యక్తి’ అంటోంది. ఆ వ్యక్తిలో ప్రభుత్వం కూడా ఉందా?

ఉందని 1997 జులై 11న సుప్రీంకోర్టు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు ప్రభుత్వమే లీజు ఇచ్చినా చెల్లదంది. ప్రభుత్వ సంస్థలో, గిరిజనుల సహకార సంఘాలో తవ్వుకోవచ్చు. అప్పుడు కూడా నికర లాభంలో కనీసం 20 శాతం గిరిజనుల అభివృద్ధికి పక్కన పెట్టాలంది.

గైడులో ఇది రెండు లైన్లు: ‘సమత కేసు- ప్రభుత్వం కూడా వ్యక్తే.’ నిజమే. కానీ ఆ తీర్పు ఇచ్చిన ముగ్గురిలో జస్టిస్ పట్నాయక్ ఒప్పుకోలేదన్న సంగతి ఆ రెండు లైన్లలో ఉండదు. ఓడిన అభిప్రాయం చదవడం దండగ అనుకుంటాం. 2001 డిసెంబరులో బాల్కో కేసు వచ్చినప్పుడు సుప్రీంకోర్టులోని మరో ధర్మాసనం, సమతలో మెజారిటీ తీర్పు సరైనదేనా అంటూ గట్టి సందేహం వెలిబుచ్చింది. మధ్యప్రదేశ్ చట్టంలోని మాటలు వేరు కనుక ఆ తీర్పు అక్కడ వర్తించదంది. అంటే చట్టంలో మాట మారితే ఫలితమూ మారింది! భిన్నాభిప్రాయం చదివినవాడికి ఎదుటి వకీలు రేపు ఏం వాదిస్తాడో ముందే తెలుస్తుంది.

వార్త ఒకటి... తీర్పు ఇంకొకటి

2020 ఏప్రిల్‌లో మరో తీర్పు వచ్చింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంటూ 2000లో ఇచ్చిన జీవో 3ను అయిదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. ఇప్పటికే పని చేస్తున్న వాళ్ల ఉద్యోగాలు పోతాయా? ఇంట్లో టీచరు ఉన్నవాళ్లకు కావాల్సిన జవాబు అదే. ఇకముందు ఇలా నూరు శాతం ఇవ్వబోమన్న షరతు మీద పాత నియామకాలను కోర్టు కదిలించలేదు. ‘కొట్టేసింది’ అన్నంత వరకే చదివిన విద్యార్థి ఆ ఇంటికి వెళ్లి ఏం చెబుతాడు?

తీర్పులను చదివించి చట్టం నేర్పే పద్ధతిని అమెరికాలోని హార్వర్డ్‌లో లాంగ్‌డెల్ అనే ఆచార్యుడు 1870లో మొదలుపెట్టాడు. ఉద్దేశం ఒక్కటే. జవాబు కంఠతా పట్టడం కాదు, జడ్జి ఆ జవాబు దాకా ఎలా వచ్చాడో చూడటం.

ఈ వరసలో చదవండి!

- ముందు బేర్ యాక్ట్. నిర్వచనాలు, ‘అయితే’ అంటూ వచ్చే మినహాయింపులు వదలొద్దు. ఆలిండియా బార్ పరీక్షలోకి నోట్సు లేని బేర్ యాక్టును మాత్రమే తీసుకెళ్లనిస్తారు. ఏ సెక్షన్ ఎక్కడుందో తెలియకపోతే పుస్తకం చేతిలో ఉన్నా లాభం లేదు.

- తర్వాత తీర్పు. అన్నీ కుదరవు. ఒక్కో సబ్జెక్టుకు మూడు నాలుగు ముఖ్యమైనవి ఎంచుకుని మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ఎవరు, ఏం పోగొట్టుకుని కోర్టుకొచ్చారు? తేలాల్సిన ప్రశ్నేమిటి? కోర్టు ఏమంది, ఎందుకంది? ఒప్పుకోని జడ్జి ఏమన్నారు? ఇవన్నీ ఒక పేజీలో సొంత మాటల్లో రాసుకోవాలి.

- ఆ తర్వాత టెక్స్ట్ బుక్. చట్టంలో, తీర్పులో అర్థం కానిచోట అదే దిక్కు.

- గైడు ఆఖరున. పరీక్ష ముందు వారం తిరగేయడానికి.

అన్నయ్య వాడిన పుస్తకాలే చాలనుకునే ఇళ్లకు ఇంకో మాట. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్లు 358 అయ్యాయి. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103. అలాగని పాత పుస్తకాన్ని తూకానికి వేయొద్దు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు వర్తించేది పాత చట్టమే. కోర్టుల్లో ఆ కేసులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

మళ్లీ మన అమ్మాయి దగ్గరికి వద్దాం. గైడుతో పాటు ఆ చిన్న నిబంధన కూడా సంచీలో ఉండి ఉంటే, పెద్దబాపుకు ఆమె చెప్పాల్సిన జవాబు ఇంతే.

‘‘జరాగు పెద్దబాపూ... బయానా ఇయ్యకు. చట్టంల ఏమున్నదో చదివి చెప్త.’’