రాతి మీద లైకెన్‌కి ఎరువు ఎవరు వేస్తున్నారు?



"బండ మీద పెరిగేదానికి ఎవరూ ఎరువు వేయట్లేదు కదా, మన పొలానికి మాత్రం ఎందుకు?" ఈ మాట మన ప్రకృతి వ్యవసాయం మీటింగుల్లో తరచూ వింటుంటాం. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం తెలియాలంటే లైకెన్ అన్నిటికంటే కష్టంగా బతికే చోటికి, అంటే ఆర్కిటిక్, అంటార్కిటికాలకి వెళ్లి చూడాలి. పై వీడియోలో బొమ్మలతో చెప్పాను, ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

లైకెన్ మనకి కొత్తదేం కాదు. బిర్యానీ మసాలాలో వేసే రాతి పువ్వు లైకెనే. ఒక శిలీంధ్రం, దాని లోపల నాచు, రెండూ కలిసి చేసే కాపురం అది. నాచు ఎండతో చక్కెర తయారుచేస్తుంది. శిలీంధ్రం దానికి ఇల్లు కట్టి తేమ పట్టి ఉంచుతుంది. వేర్లు లేవు. నీళ్లయినా, పోషకాలైనా ఒళ్లంతటితో పీల్చుకోవాల్సిందే. డిప్లొమాలో మాకు ఇది ఒక్క పేజీలో అయిపోయింది గానీ, నిజానికి పోషకాల పొదుపు నేర్చుకోవాలంటే ఇంతకన్నా మంచి పాఠం లేదు.

ధ్రువాల దగ్గర చలికాలమే ఏడాదిలో ఎక్కువ భాగం. ఎండిపోయినా, బాగా గడ్డకట్టినా లైకెన్ పని ఆపేస్తుంది. చావదు, ఆగుతుంది అంతే. కొంచెం తేమ, వెలుగు దొరికితే మాత్రం చలిలోనూ పని చేస్తుంది. అంటార్కిటికా లైకెన్లలో కొన్ని మైనస్ 17 డిగ్రీల దగ్గర కూడా కిరణజన్య సంయోగక్రియ చేస్తున్నట్టు కొలిచారు. మంచు నుంచి వచ్చే ఆవిరినే తేమగా వాడుకోగలవు.

అసలు సంగతి మంచు కరిగేటప్పుడు ఉంది. నెలల తరబడి పడే మంచులో గాలిలోని నైట్రేటు, అమ్మోనియం, దుమ్ము కొద్దికొద్దిగా చేరుతూ ఉంటాయి. కరగడం మొదలయ్యాక ఇవన్నీ సమానంగా బయటికి రావు. మొదటి నీళ్లలోనే చిక్కగా దిగిపోతాయి, తర్వాత వచ్చేది దాదాపు ఉత్త నీళ్లే. జీవామృతం డ్రమ్ము అడుగున కుళాయి తిప్పితే ముందు చిక్కటిది వచ్చినట్టు అనుకోండి. ఆ నీళ్లు ఒంటి మీదుగా పోతుంటే లైకెన్ అందులోని నత్రజనిని పట్టేసుకుంటుంది. ఆ కొద్ది రోజులు తప్పితే మళ్లీ అంత చిక్కటి మేత ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం.

వేసవి చిన్నది. పెల్టిజెరా, స్టీరియోకాలన్ లాంటి రకాల్లో నాస్టాక్ అనే నీలి ఆకుపచ్చ నాచు ఉంటుంది. వరి మడిలో పనిచేసే బాపతే. గాలిలోని నత్రజనిని అమ్మోనియంగా మార్చి శిలీంధ్రానికి ఇస్తుంది. తడి, వెలుగు, కాస్త వెచ్చదనం మూడూ కలిసిన గంటల్లోనే ఈ పని బాగా సాగుతుంది. అన్ని లైకెన్లకీ ఈ సదుపాయం లేదు. పెంగ్విన్ల కాలనీల దగ్గర ఉన్నవాటికి రెట్టల నుంచి గాలిలో అమ్మోనియా వస్తుంది, అక్కడి రాళ్ల మీద నారింజ రంగు లైకెన్లు దట్టంగా కనిపిస్తాయి. ఈ రెండూ లేనివాళ్ల సంగతేంటి?

రెయిన్‌డీర్ జింకలు తినే క్లాడోనియా అలాంటిదే. పైన చిగురు పెరుగుతుంటే అడుగున పాత భాగం చచ్చిపోతూ ఉంటుంది. స్కాట్లాండ్‌లో పెరిగే క్లాడోనియా రకం మీద బ్రిటన్ శాస్త్రవేత్తలు, గుర్తుపట్టడానికి వీలుగా బరువైన నత్రజనిని ఇచ్చి చూశారు. 2005లో ప్రచురించిన ఆ ఫలితాల్లో, పాత భాగాల్లోని నత్రజని చిగుళ్లకి చేరినట్టు తేలింది. వరి ఆకు పండుతూ గింజకి ఇచ్చినట్టే. అంటే కొత్తగా దొరికేది కొంచెమే, ఉన్నదాన్నే పైకి పైకి మోసుకుంటూ పోతుంది.

ఇంత పొదుపుకి ఖరీదు కూడా ఉంది. క్లాడోనియా ఏడాదికి పెరిగేది కొన్ని మిల్లీమీటర్లే. రాతికి అంటుకుని పెరిగే రకాలైతే ఒక మిల్లీమీటరు కూడా పెరగనివి ఉన్నాయి. పైగా ఎవరూ దాన్ని కోసుకుపోకపోతేనే ఆ లెక్క నిలుస్తుంది.

కోసుకుపోతే ఏమవుతుందో చూడండి. అలాస్కా దగ్గర బేరింగ్ సముద్రంలో సెయింట్ మాథ్యూ దీవిలో 1944లో 29 రెయిన్‌డీర్లను వదిలారు. లైకెన్ మేత దట్టంగా ఉంది, తినే జంతువు లేదు. 1963కి మంద సుమారు 6000 అయింది. ఆ తర్వాతి చలికాలం భయంకరంగా వచ్చింది, మేత అప్పటికే నేల మట్టానికి అయిపోయింది. 1966లో లెక్కపెడితే మిగిలినవి 42. జింకలు పోయి 40 ఏళ్లయినా, అవి మేయని పక్క దీవితో పోలిస్తే అక్కడ లైకెన్ చాలా తక్కువే.

అందుకే "బండ మీద లైకెన్ బతకట్లేదా" అనేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: లైకెన్ నుంచి ఎవరూ బస్తాలు తీసుకెళ్లట్లేదు. మనం టన్ను వడ్లు అమ్మితే గింజతో పాటు సుమారు 10 నుంచి 12 కిలోల నత్రజని పొలం గట్టు దాటిపోతుంది. అది పచ్చిరొట్ట నుంచి రావాలి, పప్పుజాతి అంతరపంట నుంచి రావాలి, పశువుల ఎరువు నుంచి రావాలి. గడ్డి తగలబెడితే ఆ లోటు ఇంకా పెరుగుతుంది. తొలకరి వానలప్పుడు నేల ఖాళీగా ఉంటే, వేసవంతా నేలలో తయారై ఉన్న నైట్రేటు ఆ నీళ్లతోనే కిందికి దిగిపోతుంది. అప్పటికే నవధాన్యాలు మొలిచి ఉంటే చాలావరకు అవి పట్టుకుంటాయి.

వరి మడిలో నాస్టాక్, అజొల్లా ఎలా పెంచాలో వచ్చే వీడియోలో చూపిస్తాను. మీ దగ్గర అజొల్లా గుంట ఉంటే ఈలోగా ఫొటో తీసి ఉంచండి.